పదిహేను కార్డులు, ఒక మాట: అమలాపురం ‘మిల్లత్’ తరగతి ఎలా ఉంది?

మత విషయాల మీద నడిచే తరగతులకు రివ్యూ రాయడం మనకు పెద్దగా అలవాటు లేదు. బిర్యానీ బాగాలేకపోతే మొహమాటం లేకుండా చెప్తాం. బయాన్ (మత ప్రసంగం) బాగాలేకపోతే మాత్రం కిక్కురుమనకుండా చెప్పులేసుకుని వచ్చేస్తాం. కానీ రుసుము తీసుకుని, పుస్తకం చేతికిచ్చి, ఆరు ఆదివారాలు మధ్యాహ్నం కునుకు మాన్పించే తరగతికి మంచిచెడ్డలు చెప్పేవాళ్లు ఉండాలి కదా. అమలాపురంలో ఒక మసీదు మేడమీద గదిలో ఖురాన్‌లోని మూడు మాటల మీద నడుస్తున్న ‘మిల్లత్, ఉమ్మత్, దీన్’ తరగతి అలాంటిదే. మొదటి మూడు వారాలూ ఇచ్చిన డబ్బుకు మించే ఉన్నాయి. నాలుగోది ఫరవాలేదు. చివరి రెండూ హడావుడిగా లాగించేశారు.

ఇంట్లో మాటల్లో, పోస్టర్లలో, ఎన్నికల మీటింగుల్లో ‘మిల్లత్’ అంటే ముస్లిం జనం. మిల్లత్ కోసం పనిచేశాడంటే మనవాళ్ల కోసం పనిచేశాడని. ఉర్దూలో ఈ అర్థం బాగా పాతుకుపోయింది, అక్కణ్నుంచే తెలుగు ముస్లింల ఇళ్లలోకీ వచ్చింది. అయితే ఖురాన్‌లో ఆ మాట వచ్చిన చోట్లన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే ఈ అర్థం చాలాచోట్ల అతకదు. అక్కడ మిల్లత్‌ను అనుసరిస్తారు, వదిలేస్తారు, దానికి మొహం తిప్పుకుంటారు, దానిలోకి తిరిగి రమ్మని బెదిరిస్తారు. అంటే పెద్దల నుంచి చేతికొచ్చి, కాళ్లతో నడవాల్సిన ఒక పద్ధతి. ఈ సంగతిని మైకు పట్టుకుని చెప్పెయ్యకుండా, వచ్చినవాళ్ల చేతే తేల్పించడం ఈ తరగతిలో మెచ్చుకోవాల్సిన విషయం.

రుసుము 300 రూపాయలు. దానికి 15 కార్డులు, 44 పేజీల చేతిపుస్తకం ఇస్తారు. జుహర్ (మధ్యాహ్నం) నమాజు అయ్యాక మొదలుపెట్టి అసర్ (సాయంత్రం) అజాన్‌కు ఆపేస్తారు. అరబీ చదవడం రాకపోయినా ఫరవాలేదు, తెలుగు చదవడం వస్తే చాలు. ముస్లిమేతరులూ రావచ్చు, వస్తున్నారు కూడా. చెప్పేది మదర్సాలో చదువుకుని, తర్వాత హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైన మాస్టారు. అందుకేనేమో విభక్తుల మీద ఆయనకు మహా మక్కువ. ఆ మక్కువే ఈ తరగతిని నిలబెట్టింది.

కార్డు పోస్టుకార్డు సైజులో ఉంటుంది. పైన ఆయతు (ఖురాన్ వాక్యం) మన దగ్గర ముసాఫుల్లో (ఖురాన్ ప్రతుల్లో) ఉండే లావు రాతలో, దాని కింద తెలుగు లిపిలో, పక్కన సూరా (అధ్యాయం) నంబరు, ఆయతు నంబరు, పారా (ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటి) నంబరు. పారా నంబరు వెయ్యడం తెలివైన పని. ఇక్కడి ఇళ్లలో ఖురాన్ చదవడం నేర్చుకున్నవాళ్లకు పారాలే గుర్తుంటాయి, సూరా నంబర్లు కాదు. పేజీ నంబర్లు వెయ్యకపోవడం ఇంకా తెలివైన పని. మదీనా అచ్చు 604 పేజీలు, మన దగ్గర దొరికే అచ్చుల లెక్క వేరు. ఒకరు 20వ పేజీ అంటే ఇంకొకరికి అక్కడ వేరే ఆయతు కనిపిస్తుంది. కార్డు అడుగున మూడు ఖాళీ గళ్లు ఉంటాయి: ఇక్కడ క్రియ ఏది, ఎవరి మిల్లత్, మీ ఇంట్లో ఉన్న అనువాదంలో దీనికి వాడిన తెలుగు మాట ఏది. మూడోదాని కోసమే ఎవరి అనువాదం వాళ్లు వెంట తెచ్చుకోమంటారు.

మొదటి వారం పని ఈ గళ్లు నింపడమే. 15 చోట్లూ ఇవి (ముందు సూరా, తర్వాత ఆయతు): 2:120, 2:130, 2:135, 3:95, 4:125, 6:161, 7:88, 7:89, 12:37, 12:38, 14:13, 16:123, 18:20, 22:78, 38:7. నింపాక కార్డుల్ని క్రియను బట్టి కుప్పలు పెట్టమంటారు. అనుసరించడం అనే క్రియతో ఐదు కార్డులు వస్తాయి: 2:120, 3:95, 4:125, 12:38, 16:123. తిరిగి రావడం లేదా తిరిగి లాక్కోవడంతో నాలుగు: 7:88, 7:89, 14:13, 18:20. మిగిలిన ఆరూ విడివిడిగా ఉంటాయి. 2:130లో మొహం తిప్పుకోవడం, 12:37లో వదిలేయడం. 6:161లో ‘దీన్’ (మామూలుగా మతం అంటాం) పక్కనే, దానికి వివరణలా నిలబడ్డ మిల్లత్. 2:135లో, 22:78లో క్రియే లేదు. 38:7 సంగతి తర్వాత.

ఆ క్రియ లేని రెండు కార్డుల దగ్గరే తరగతి ఊపందుకుంటుంది. ‘మిల్లత ఇబ్రాహీమ’ (ఇబ్రాహీం ప్రవక్త మిల్లత్‌ను) అని ద్వితీయా విభక్తిలో ఉంది, దాన్ని పట్టుకోవడానికి వాక్యంలో క్రియ కనిపించదు. మనం ‘నీళ్లు!’ అని అరిస్తే ‘ఇవ్వండి’ అన్నది వినేవాడు కలుపుకున్నట్టే, అరబీ వ్యాకర్తలు ఇక్కడ ‘అనుసరిస్తాం’, ‘పట్టుకోండి’ లాంటి క్రియను కలుపుకుని చదివారు. జనం అనే అర్థం పెట్టి చదివితే ఆ క్రియలు ఒప్పవు. ‘ఇబ్రాహీం జనాన్ని అనుసరిస్తాం’ అని ఎవరూ అనరు. పాతికమంది ఉన్న గదిలో ఈ ముక్క ఒకరు చెప్పకుండా నలుగురికి ఒకేసారి తట్టేలా కార్డులు పేర్చారు. పాఠం చెప్పడం తెలిసినవాళ్లు చేసిన పని అది.

రెండో గడి కూడా తక్కువదేం కాదు. ఎవరి మిల్లత్ అని చూస్తే 15లో 8 చోట్ల ఇబ్రాహీం పేరు ఉంటుంది (12:38లో ఇస్హాక్, యాఖూబ్‌లతో కలిపి, 22:78లో ‘మీ తండ్రి ఇబ్రాహీం’ అని). మిగతావాటిలో యూదులు, క్రైస్తవులు, షుఐబ్ ప్రవక్త ఊరి పెద్దలు, ప్రవక్తల్ని కాదన్న జాతులు, గుహలో దాక్కున్న కుర్రాళ్లను వెతుకుతున్నవాళ్లు వస్తారు. అల్లాహ్ పేరు ఒక్కచోటా రాదు. ‘దీనుల్లాహ్’ అని ఉంది (3:83, 24:2, 110:2), ‘మిల్లతుల్లాహ్’ లేదు. రాఘిబ్ ఇస్ఫహానీ తన ఖురాన్ పదకోశంలో ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నాడు: దీన్‌ను దేవుడికీ అంటగట్టవచ్చు, ఒక మనిషికీ అంటగట్టవచ్చు, మిల్లత్‌ను మాత్రం దాన్ని తెచ్చిన ప్రవక్తకే. మరి 7:88లో అది ఊరి పెద్దలది కదా అని ఎవరైనా అడిగితే మాస్టారు ‘మంచి ప్రశ్న’ అని ముందుకు వెళ్లిపోతారు. అక్కడ ఆగాల్సింది. రాఘిబ్ సూత్రం ఇబ్రాహీం కార్డులకు సరిపోతుంది, మొత్తం పదిహేనింటికీ సరిపోదు. ఆ మాట ఒప్పుకుంటే పోయేదేం లేదు.

మూడో గడి నింపితే గది నవ్వులతో నిండుతుంది. ధర్మం, మతం, మార్గం, సంప్రదాయం, విధానం: ఇన్ని మాటలు వస్తాయి, కొన్నిసార్లు ఒకే పుస్తకంలోంచే. పైగా ఇబ్రాహీంది అయితే ‘ధర్మం’, ఎదుటివాళ్లది అయితే ‘మతం’ అయిపోతుంటుంది. అరబీలో రెండుచోట్లా ఒకే మాట. ఇందులో అనువాదకుల తప్పు వెతకనక్కర్లేదు గానీ, చదివేవాడు మోసపోయే చోటు ఇదేనని తెలిసి ఉండాలి.

రెండో వారం ప్రామిసరీ నోటుది. ఈ ఒక్క పూట కోసమైనా వెళ్లొచ్చు. మిల్లత్ మాట ‘అమ్లల’ అనే క్రియ నుంచి వచ్చిందని, అంటే చెప్పి రాయించడం నుంచి వచ్చిందని రాఘిబ్ అన్నాడు. ఆ క్రియ 2:282లో ఉంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అదే, అప్పు పత్రం ఎలా రాయాలో చెప్పేది. మాస్టారు స్టేషనరీ కొట్లో దొరికే అచ్చు నోటు ఫారాలు పంచి, ముగ్గురేసి జట్టు కట్టిస్తారు: అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, దస్తూరీ రాసేవాడు. పక్క జట్టు నుంచి సాక్షులు. ఆయతులో ఉన్న క్రమం ప్రకారం రాయమంటారు. ఫారంలో వడ్డీ ఎంతో వెయ్యాల్సిన చోటు ఖాళీగా వదిలెయ్యమంటారు, ఎందుకని ఎవరూ అడగరు.

దాదాపు ప్రతి జట్టూ ఒకేచోట తప్పు చేస్తుంది. అప్పిచ్చినవాడు నోరు విప్పి చెప్తుంటాడు, దస్తూరీ రాసేస్తుంటాడు, తీసుకున్నవాడు చివర్లో సంతకం పెడతాడు. మనకు తెలిసిన లోకం అంతే మరి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్లల దగ్గర జరిగేదీ అదే. ఆయతులో దీనికి తలకిందులుగా ఉంది: ‘వల్ యుమ్లిల్’, బాకీ ఎవరి మీద ఉందో అతనే చెప్పి రాయించాలి. అతనికి తెలివి చాలకపోతేనో, బలం లేకపోతేనో, తన నోటితో చెప్పలేకపోతేనో అతని తరఫు పెద్ద న్యాయంగా చెప్పి రాయించాలి. రాసేవాడు సొంతంగా చేర్చడానికి లేదు, చెప్పేవాడు అందులోంచి ఏమీ తగ్గించడానికి లేదు. ఫారాలు చించి మళ్లీ రాయిస్తారు. ఈసారి అప్పు తీసుకున్నవాడు ‘నేను, ఫలానావాడిని, ఫలానావారి దగ్గర...’ అని తన నోటితో అంటుంటే రాస్తారు. చెప్పి రాయించినది చెప్పినవాడిని కట్టిపడేస్తుంది అన్న సంగతి అప్పుడు ఒంటపడుతుంది. ప్రవక్త చెప్పగా నిలబడ్డ పద్ధతి మిల్లత్ అనే వివరణ ఆ తర్వాత రెండు వాక్యాల్లో అయిపోతుంది. అది చాలు కూడా.

ఇక్కడ చేతిపుస్తకంలో రెండు లోపాలు. ఒకటి, ఈ వ్యుత్పత్తిని తిరుగులేనిదిగా రాశారు. నిఘంటుకారులు ఇంకో దారి కూడా చెప్పారు: బాగా నడిచి నలిగిన దారికి అరబీలో ఇదే ధాతువు నుంచి వచ్చిన విశేషణం ఉంది. మన చేలగట్ల మధ్య పుంత లాంటిది అన్నమాట, ఎవడో వేసింది కాదు, నడవగా నడవగా పడింది. ఇక మూడో దారి, ఈ మాట సిరియాక్ భాషలో ‘మాట’ అనే అర్థమున్న ‘మెల్తా’ నుంచి వచ్చిందని ఆర్థర్ జెఫ్రీ 1938లో వాదించాడు. ఖురాన్‌లో అన్యభాషా పదాల మీద ఆయన చేసిన పని ఈ రంగంలో అందరూ తిరగేసేదే. ఈ మూడు దారులూ పక్కపక్కన పెట్టి, ఏది ఒప్పుకున్నా కార్డుల కుప్పలు మారవని చెప్తే పాఠం గట్టిపడేది. పుట్టుక తెలిస్తే వాడుక తెలిసినట్టు కాదు.

రెండో లోపం వెతుకులాటది. ఇంటికెళ్లి అబ్దుల్ బాఖీ పదసూచికలో ‘మీమ్-లామ్-లామ్’ ధాతువు కింద చూడమని రాశారు. మిల్లత్, యుమ్లిల్ అక్కడే దొరుకుతాయి. 25:5 మాత్రం దొరకదు. ‘పాత కథలు ఇతనికి పొద్దునా సాయంత్రం చెప్పి రాయిస్తున్నారు’ అని ప్రవక్త మీద వేసిన నింద అందులో ఉంది. చెప్పి రాయించడం అనే క్రియే, కానీ ‘తుమ్లా’ అనే రూపంలో ఉండటం వల్ల వేరే ధాతువు కింద పెట్టారు. అంటే ఖురాన్‌లో ఈ అర్థం అప్పు పత్రం దగ్గరే కాదు, గ్రంథం దగ్గర కూడా వచ్చింది. ఈ తరగతికి ఇంతకంటే కావాల్సిన ఆయతు ఇంకోటి లేదు. అదే జారిపోయింది.

ఫోన్లో వెతికేవాళ్లకు ఇంకో చిక్కు. తెలుగు లిపిలో కొట్టి వెతికితే ‘మలఉ’ (ఊరి పెద్దలు) కూడా కలిసొస్తుంది. అది వేరే ధాతువు, చివర హమ్జా ఉంటుంది, మన లిపికి అది పట్టదు. సరిగ్గా 7:88 ‘ఖాలల్ మలఉ’ అని మొదలవుతుంది, తొమ్మిదో పారా పేరే అది. అదే ఆయతు చివర్లో ‘మిల్లతినా’ ఉంది. 38లో కూడా ఆరో ఆయతులో మలఉ, ఏడులో మిల్లత్. రెండూ ఒకటేనని రాసుకుని వచ్చేవాళ్లు ప్రతి బ్యాచిలో ఉంటారట. ఈ జాగ్రత్త కార్డు వెనక ఒక్క గీతలో అచ్చు వేస్తే సరిపోతుంది.

మూడో వారం ఇబ్రాహీం కార్డుల చుట్టుపక్కల ఆయతులు చదివిస్తారు. పైన ఐదు, కింద ఐదు. అక్కడ తేలేది నిజంగా ముఖ్యమైనది. 2:130కి ముందు కాబా గోడలు లేపడం, ప్రదక్షిణలు, సజ్దాలు (సాష్టాంగాలు), ‘మా ఆరాధన విధానాలు మాకు చూపించు’ అనే ప్రార్థన ఉన్నాయి. 3:95కి ముందు ఇస్రాయీలు సంతతికి ఏ తిండి ధర్మసమ్మతం అన్న వాదం, వెంటనే 96, 97లో బక్కా (మక్కా)లోని మొదటి ఇల్లు, హజ్. 6:161 దాటగానే ‘నా నమాజు, నా బలి’. 16:123కి ముందు తినదగినవి, తినకూడనివి, తర్వాత సబ్బతు (యూదుల విశ్రాంతి రోజు). 22:78లో, దాని ముందు ఆయతులో వంగడం, సజ్దా, నమాజు, జకాత్. ఇన్నిచోట్ల తిండి, బలి, ఇల్లు, యాత్ర, నమాజు మిల్లత్‌ను అంటిపెట్టుకుని ఉంటే, దాన్ని ఉత్త విశ్వాసంగానో ఉత్త జనంగానో చదవడం కష్టం. మిల్లతె ఇబ్రాహీం అంటే ఇబ్రాహీం చేసి చూపిన ఆచరణ అన్న కొత్త వివరణకు ఇదే గట్టి ఆధారం.

అక్కడితో ఆగితే బాగుండేది. చేతిపుస్తకం 19వ పేజీలో ‘మిల్లత్ అంటే ప్రతిచోటా ఆచరణే, సమాజం అనే అర్థం ఖురాన్‌లో ఎక్కడా లేదు’ అని పెద్దక్షరాల్లో కొట్టేశారు. ఇది నిలవదు. 12:38లో జైల్లో యూసుఫ్ ప్రవక్త తోటి ఖైదీలకు చెప్పేది ఆచారం గురించి కాదు. అల్లాహ్‌కు ఎవరినీ సాటి కల్పించకూడదనే విశ్వాసం అది. 2:135 తర్వాత వచ్చే 136 కూడా ‘మేం విశ్వసించాం’ అనే మొదలవుతుంది. ఇక ‘తిరిగి రావడం’ కుప్పలో నాలుగు కార్డులు చూడండి. 7:88లో బెదిరింపు రెండు ముక్కలుగా ఉంది: మా ఊళ్లోంచి వెళ్లగొడతాం, లేదా మా మిల్లత్‌లోకి తిరిగి రావాల్సిందే. 14:13లో అదే మాట, ఊరి బదులు నేల. ఒకవైపు ఊరు, ఇంకోవైపు మిల్లత్. పద్ధతి పాటించనివాడికి ఊళ్లో చోటు లేదనడం అది. అక్కడ ఆచరణా, కలిసి బతికే జనమూ విడదీయరానంతగా అల్లుకుపోయాయి. 18:20లో గుహ కుర్రాళ్ల భయమూ అదే, రాళ్లతో కొడతారు లేదా తమ మిల్లత్‌లోకి లాక్కుంటారు. ఉర్దూలో మిల్లత్ జనం అయిందంటే గాల్లోంచి అవలేదు, దాని విత్తనం ఈ నాలుగు కార్డుల్లో ఉంది. ఆచరణే తల్లి అర్థం, జనం దాని నీడలో ఉంది అని రాస్తే ఎవరూ కాదనలేరు.

ఈ కుప్ప దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ‘మాస్టారూ, షుఐబ్ ప్రవక్త వాళ్ల పద్ధతిలో ఎప్పుడైనా ఉన్నారాండీ, తిరిగి రమ్మంటున్నారు?’ వ్యాఖ్యాతలు రెండు జవాబులు చెప్పారు. ఆయనతో ఉన్న అనుచరులు ఒకప్పుడు అందులో ఉన్నవాళ్లే, బెదిరింపు అందరికీ కలిపి. లేదా ఆ అరబీ క్రియకు ‘తిరిగి రావడం’ ఒక్కటే కాదు, ‘మారడం’ అనే అర్థమూ ఉంది. మాస్టారు రెండూ చెప్పి, ‘ఏది నచ్చితే అది రాసుకోండమ్మా’ అంటారు. 12:37లో యూసుఫ్ ‘వదిలేశాను’ అన్నప్పుడూ ఇదే పేచీ. అసలు పట్టుకోకపోవడాన్ని కూడా వదలడం అనొచ్చని వ్యాఖ్యాతలు సర్దారు.

38:7 కార్డు ఎవరి కుప్పలోనూ ఇమడదు. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలు ‘ఈ మాట మేం చివరి మిల్లత్‌లో వినలేదే’ అంటారు. చివరి మిల్లత్ అంటే క్రైస్తవమా, తమ తాతల నుంచి వచ్చిన సొంత పద్ధతా? పాత వ్యాఖ్యానాల్లో రెండూ ఉన్నాయి. ఆ కార్డును బల్ల మీద ఒంటరిగా వదిలెయ్యడం బాగుంది.

నాలుగో వారం ఉమ్మత్. ఇది మిల్లత్‌కు ఎదురుగా నడుస్తుంది. ఉమ్మత్ అంటే జనమని అందరికీ తెలుసు, కానీ 43:22, 23లో ‘మా తాతముత్తాతలు ఒక ఉమ్మత్ మీద ఉండగా చూశాం’ అన్నచోట దానికి దారి, పద్ధతి అనే అర్థం. 12:45లో, 11:8లో కొంత కాలం అని అర్థం. 28:23లో మద్యన్ బావి దగ్గర పశువులకు నీళ్లు పెడుతున్న గుంపు ఉమ్మత్. 6:38లో నేల మీది జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీలాంటి ఉమ్మత్‌లే. 16:120లో ఇబ్రాహీం ఒక్కడే ఒక ఉమ్మత్, మూడు ఆయతులు దాటితే ఆయన మిల్లత్. జనం మాటలో పద్ధతి, పద్ధతి మాటలో జనం. ఈ రెండింటికీ వంతెనగా 22:34, 22:67 ఉన్నాయి: ప్రతి ఉమ్మత్‌కూ ఒక ఆరాధన విధి ఇచ్చాం అని. ఆ రెండు ఆయతులూ చదివించారు గానీ, అదే సూరా చివరి 78తో కలపలేదు. పది నిమిషాల పని.

ఐదో వారం దీన్‌ది. ఒక్క పూటలో అయ్యే పని కాదు. ‘యౌమిద్దీన్’లో తీర్పు, 12:76లో ‘రాజు దీన్’ అంటే ఈజిప్టు రాజు చట్టం, 39:2లో కల్తీ లేకుండా దేవుడికి చేసే ఆరాధన. దీన్‌ను ‘మతం’ అనే కట్టుదిట్టమైన వ్యవస్థగా కాక సేవగా, ఆరాధనగా చదవాలన్న ఇటీవలి పరిశోధనను ప్రస్తావించి వదిలేశారు. ఈ వారం మానేసినా నష్టం లేదు.

ఆరో వారం చరిత్ర. సరుకు బాగుంది, సమయం చాల్లేదు. ప్రవక్త మదీనాలో చేసుకున్న ఒప్పందంలో బనూ ఔఫ్ తెగ యూదుల గురించిన వాక్యం, ప్రవక్త చరిత్ర రాసిన ఇబ్న్ హిషామ్ పాఠంలో ‘విశ్వాసులతో కలిసి ఒక ఉమ్మత్’ అని, అబూ ఉబైద్ పాఠంలో ‘విశ్వాసుల్లో ఒక ఉమ్మత్’ అని ఉంటుంది. వెంటనే ‘యూదులకు వాళ్ల దీన్, ముస్లింలకు వాళ్ల దీన్’. ఉమ్మత్ ఒక్కటి, దీన్‌లు రెండు. నాలుగు వారాలుగా చెప్పిందంతా ఈ వాక్యం మీద పెట్టి చూపించొచ్చు. తర్వాత ఉస్మానీ (ఒట్టోమన్) సామ్రాజ్యంలో క్రైస్తవులు, యూదులు తమ తమ మతపెద్దల కింద ఒక్కో ‘మిల్లెత్’గా లెక్కకు వచ్చిన సంగతి. ఆ తర్వాత 1938. దేవబంద్ మతపండితుడు హుసేన్ అహ్మద్ మదనీ, జాతులు దేశాన్ని బట్టి ఏర్పడతాయని అన్నారు. కవి ఇఖ్బాల్ ఫారసీ పద్యంతో విరుచుకుపడ్డారు, మిల్లత్ దేశం నుంచి పుడుతుందా అని. మదనీ జవాబు: నేనన్నది ఖౌమ్ (జాతి), మిల్లత్ కాదు. ఖౌమ్‌కూ మిల్లత్‌కూ ఖురాన్‌లో ఉన్న తేడా మీద దేశ రాజకీయమే ఆగిన సందర్భం అది. ప్రవక్తలు తమను నమ్మనివాళ్లను కూడా ‘ఓ నా ఖౌమ్’ అనే పిలిచారన్నది మదనీ వాదంలో పట్టు. దీనికి ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు, అందులోనూ టీ తిరిగింది. దీన్ వారాన్ని ఎత్తేసి ఆ పూట దీనికి ఇస్తే బాగుంటుంది.

ఆడవాళ్లకు అదే గదిలో కుడివైపు వరస, పరదా లేదు. ప్రశ్నలు ఎక్కువగా అటు నుంచే వస్తాయి. ఫ్యాన్లు రెండే, వేసవి బ్యాచికి చెమట గ్యారంటీ. చేతిపుస్తకంలో అరబీ అక్షరం మరీ చిన్నది, జబర్, జేర్ అనే స్వర గుర్తులు కలిసిపోయాయి. ద్వితీయా విభక్తి మీద ఇంత కథ నడిపి ఆ గుర్తులు కనపడకుండా అచ్చు వెయ్యడం ఏమిటో. కార్డుల మీద మాత్రం స్పష్టంగా ఉన్నాయి. తెచ్చుకోవాల్సినవి ఒక ముసాఫు, ఒక తెలుగు అనువాదం, పెన్సిలు. పెన్నుతో రాస్తే మూడో వారానికి గళ్లు కొట్టివేతలతో నిండిపోతాయి.

రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లకు రావులపాలెం మీదుగా, కాకినాడ వాళ్లకు యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా బస్సులు ఉన్నాయి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే దగ్గర, కానీ వరదొస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన చుట్టు తిరిగి రావాలి. నిండు గోదావరి రోజుల్లో బ్యాచిలో చేరేముందు ఈ లెక్క వేసుకోండి. ఒక వారం తప్పితే మళ్లీ చెప్పరు, ముఖ్యంగా నోటు రాయించే వారం తప్పకూడదు. రంజాన్ నెలలో తరగతి ఉండదు.

తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం) చదివే అలవాటున్నవాళ్లు మొదటి మూడు వారాలకు వెళ్లి ఆగిపోవచ్చు, అడిగితే సగం రుసుముకు ఒప్పుకుంటున్నారు. ఏమీ తెలియనివాళ్లు నాలుగో వారం దాకా ఉండాలి. వాదనలకు ఆయుధాలు వెతుక్కునేవాళ్లకు ఇక్కడ పెద్దగా దొరకదు, ఎందుకంటే ప్రతి కార్డూ రెండువైపులా మొగ్గుతుంది. కార్డులు మాత్రమే కావాలంటే 80 రూపాయలకు విడిగా అమ్ముతున్నారు. తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోండి. పాత అచ్చులో 12:37, 12:38 ఒకే కార్డు మీద వేశారు, వదిలేసిన మిల్లత్, అనుసరించిన మిల్లత్ రెండూ ఒకే గడిలో పడి మొదటి వారం కుప్పలు తప్పుతాయి. 14 కార్డులే ఉంటే మార్చి ఇమ్మనండి.